నాలుగో వారం దాటని ఉరుకుడు: కొత్తవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నరు, ఎట్ల నిలబడాలె

చెరువుకట్ట:
చలి మొదలైతే చాలు, హన్మకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియం, వడ్డేపల్లి చెరువు కట్ట, భద్రకాళి చెరువు బండ్ ఉరికేటందుకు వచ్చే కొత్త ముఖాలతోని నిండుతయి. సంక్రాంతి దాటినంక అండ్ల చానమంది కనబడరు. బద్ధకం అని కొట్టిపారేసుడు అల్కటి పని. కానీ జాగ్రత్తగ చూస్తే ఆగిపోయేది దాదాపు ఒక్క దగ్గర్నే, మూడో వారం నుంచి ఆరో వారం నడుమ. ఆ వారాలల్ల ఒంట్లె ఏమైతది, మనసు ఎందుకు విరుగుతది, ఏం చేస్తే దాటొచ్చు, తెలిసినవాళ్లు వివరంగ రాయండి. కొత్తవాళ్లు మొహమాటం లేకుంట అడగండి.

పొద్దుపొడుపు:
మంచి చోట వేలు పెట్టారు. ఆ వారాల్లో గుండె ఒక దారిన, ఎముక ఇంకో దారిన పోతాయి. పరుగు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. అందుకే మూడో వారానికి "దమ్ము వచ్చింది" అనిపిస్తుంది. అప్పుడే మనిషి దూరం పెంచేస్తాడు, రోజూ పరిగెత్తుతాడు. కానీ కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు, ఎముకలు అంత తొందరగా గట్టిపడవు. వాటికి నెలలు కావాలి. పైగా కొత్త బరువు పడిన ఎముక ముందు కొంత అరిగి, ఆ తర్వాతే కొత్తగా కట్టుకుంటుంది. దమ్ము బాగున్న వారాల్లోనే కాలు బలహీనంగా ఉంటుందన్నమాట. నొప్పి వస్తుంది, నాలుగు రోజులు ఆగుతారు, ఆ నాలుగు రోజులు నలభై అవుతాయి.

కాబట్టి మొదటి 8 వారాలు దమ్ము ఎంత పిలిచినా వారానికి 3 రోజులే. మంగళ, గురు, ఆదివారాలు పెట్టుకుంటే ప్రతి పరుగుకూ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ దొరుకుతుంది. మిగతా రోజుల్లో నడక ఎంతైనా నడవొచ్చు.

కాజీపేట తమ్మి:
అన్నా, నా అడుగుడు ఒక్కటే. మొదటి ఐదు నిమిషాలల్లనే గుండె గొంతులకు వస్తది. గట్ల ఉన్నప్పుడు 5 కి.మీ. ఎప్పటికైతది అనిపిస్తది. ఇది అందరికి ఉంటదా?

ఎర్రమట్టి:
అందరికి ఉంటది తమ్మీ. ఏండ్ల సంది ఉరికేటోళ్లకు గూడ మొదటి 5–10 నిమిషాలు బరువుగనే ఉంటయి. కండరాలు ఒక్కసారి ఆక్సిజన్ ఎక్కువ అడుగుతయి, గుండె, ఊపిరితిత్తులు దాన్ని అందుకునేటందుకు కొన్ని నిమిషాలు పడుతది. ఆ సందులనే ఆయాసం. దానికి మందు రెండే. ఉరికే ముందు 5 నిమిషాలు జోరుగ నడువు, ఇంక మొదటి రెండు నిమిషాలు నవ్వొచ్చేటంత మెల్లగ ఉరుకు.

వేగం ఎంతుండాలె అంటే పదమూడో ఎక్కం బయటికి చదువుకుంట ఉరుకు. "పదమూడు ఒకట్ల పదమూడు" నుంచి మొదలువెట్టి ఒక్కో వరుస తెగకుంట చెప్పగలిగితే వేగం సరిగ్గ ఉన్నట్టు. వరుస నడుమ ఊపిరి తెగుతుందంటే ఎక్కువైంది, తగ్గియ్యాలె. కొత్తోళ్లల్ల చానమంది ఉరుకుడు రాక ఆగిపోరు, మెల్లగ ఉరుకుడు రాక ఆగిపోతరు.

మొదటి వారం 1 నిమిషం ఉరుకు, 2 నిమిషాలు నడువు, గట్ల 8 సార్లు. రెండో వారం 2 ఉరుకు, 2 నడువు, 6 సార్లు. మూడో వారం 3 ఉరుకు, 2 నడువు, 5 సార్లు. నాలుగో వారం గూడ అదే మూడో వారం లెక్క, ఏం పెంచొద్దు. అయిదుల 5 ఉరుకు, 2 నడువు, 4 సార్లు. ఆరుల 8 ఉరుకు, 2 నడువు, 3 సార్లు. ఏడుల 10 ఉరుకు, 1 నడువు, మళ్ల 10 ఉరుకు. ఎనిమిదోది గూడ అదే. తొమ్మిదుల ఆపకుంట 20 నిమిషాలు, పదకొండు పన్నెండు వారాలకు 30 దాక. ఏ వారమన్న కుదరకపోతే అదే వారం మళ్ల చెయ్యాలె. ఒక్క వారం రెండుసార్లు చేసినంత మాత్రాన పోయేదేం లేదు.

తంగేడు:
ఎర్రమట్టి అన్న చెప్పినదాంట్లో ఒక సంగతి గట్టిగ చెప్పాలె. ఆ లెక్కంత నిమిషాలల్ల ఉంది, కిలోమీటర్లల్ల లేదు. కొత్తవాళ్ల మనసు విరిగేది ఫోన్‌ల యాప్ చూసి. కిలోమీటరుకు 9 నిమిషాలు పట్టిందని ఒకరోజు, 8:40 అని ఇంకోరోజు, తర్వాత ఉక్కపోత రోజు మళ్ల 9:20. పోయిన వారం కంటె వెనకబడ్డ అనుకుంటరు. ఎండ, నిద్ర, ముందురోజు పని, ఆడవాళ్లకు నెలసరి, అన్నీ ఆ అంకెల కలిసి ఉంటయి. మొదటి మూడు నెలలు యాప్‌ల వేగం చూపే గడిని మూసెయ్యండి. నిమిషాలు చాలు.

యాప్ బదులు ఒక రూళ్ల నోటుబుక్కు పెట్టుకోండి. పేజీకి ఒక వారం. ఒక్కో పరుగుకు ఒకటే వరుస: తారీఖు, ఎన్ని నిమిషాలు ఉరికిన, ఎక్కం చదవగలిగిన్నా లేదా, ఎక్కడన్న నొప్పి ఉంటె ఏ కాలు, ఏ చోటు. పొద్దున లేవంగనే మంచం దిగక ముందు మణికట్టు మీద వేళ్లు పెట్టి 60 సెకండ్లు నాడి లెక్కపెట్టి ఆ అంకె గూడ పక్కన రాయాలె. రెండు మూడు నెలలల్ల అది మెల్లగ దిగుతుంటది. బరువు తూచే మిషన్ చూపెట్టని మార్పు అక్కడ కనబడతది. మామూలు కంటె 8–10 ఎక్కువ ఉందంటే నిద్ర చాలలేదు, లేకుంటె ఒంట్లె జ్వరం మొదలైతుంది. ఆ పూట నడక చాలు.

మానేరు గాలి:
తంగేడు అక్కా, బరువు మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క చెబుతా. కరీంనగర్‌లో డ్యామ్ కట్ట మీదికి వచ్చేవాళ్లలో చాలామంది బరువు తగ్గాలనే వస్తారు, నెల తర్వాత కాటా కదల్లేదని మానేస్తారు. పరుగులో ఖర్చయ్యేది సుమారుగా కిలో బరువుకు కిలోమీటరుకు ఒక కేలరీ. 70 కిలోల మనిషి 3 కి.మీ. పరిగెత్తితే 210 కేలరీలు. ఇంటికి వెళ్లేటప్పుడు దారిలో ఒక ప్లేటు పూరీ తింటే అంతకంటే ఎక్కువే వచ్చి పడుతుంది. పైగా మొదట్లో కండరాలు నీటిని, పిండిపదార్థాన్ని నిల్వ చేసుకుంటాయి కాబట్టి బరువు కొంచెం పెరగొచ్చు కూడా. బరువు కోసమే అయితే తిండిని వేరుగా చూసుకోవాలి. పరుగు ఫలితాన్ని కాటా మీద కొలిస్తే మంచి పరుగు కూడా ఓడిపోయినట్టే కనబడుతుంది.

కాజీపేట తమ్మి:
మోకాలి కింద, ముందు ఎముక పొంటి నొప్పి మొదలైతే ఉరకాల్నా ఆపాల్నా? కొందరు ఐస్ పెట్టి ఉరుకుమంటరు, కొందరు నెల ఆగుమంటరు.

పొద్దుపొడుపు:
ముందు అది ఏ నొప్పో తేల్చుకోవాలి. కుర్చీలో కూర్చుని నొప్పి ఉన్న కాలిని ఇంకో మోకాలి మీద వేసుకోండి. చీలమండ లోపలి గుబ్బ దగ్గర బొటనవేలు పెట్టి, ఎముక లోపలి అంచు వెంట అంగుళం అంగుళం నొక్కుతూ పైకి రండి. ఒక జానెడు పొడవునా పచ్చిపుండులా సలుపుతుంటే, పరుగు మొదట్లో ఉండి ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంటే, అది ఎముక పైపొర, దానికి అతుక్కున్న కండరం రాసుకుని వాచిన నొప్పి. కొత్తవాళ్లలో చాలా మామూలు. అలా కాకుండా ఒక్క వేలు ఆనేంత చోట మాత్రమే ప్రాణం పోయినట్టు ఉంటే, పరిగెత్తే కొద్దీ పెరుగుతుంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఆ కాలి మీద ఒంటికాలి గెంతు వేయలేకపోతే, ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు. పరుగు ఆ క్షణమే ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఆ చీలిక ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరిగెత్తొద్దు. నొప్పి ఒక్క చోటే ఉందన్న సంగతి డాక్టరుకు విడిగా చెప్పాలి.

మొదటి రకమైతే పూర్తిగా పడుకోనక్కర్లేదు. 7–10 రోజులు పరుగు మాని నడక, సైకిలు. రోజు విడిచి రోజు మెట్టు అంచు మీద ముందుపాదాలతో నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, ఒంటికాలి మీద 3 సెకండ్లు లెక్కపెడుతూ మడమను మెట్టు కిందికి దించాలి. ఒక్కో కాలికి 12 సార్లు, 3 విడతలు. గోడ పట్టుకుని చేయండి. నొక్కినప్పుడు సలపడం తగ్గాక, ఆగిన వారం కంటే రెండు వారాలు వెనకనుంచి మొదలుపెట్టాలి.

ఎర్రమట్టి:
ఆ నొప్పి ఎందుకొస్తదో గూడ చూడాలె. మొదటిది, అడుగు బారు. వేగం కోసం కాలు ముందుకు చాపి మడమ మీద దబ్బున పడేస్తరు, ఆ దెబ్బ ముందు ఎముకకు తగులుతది. అడుగులు చిన్నగ, వెంటవెంటనె పడాలె. పాదం మోకాలి కిందనె దిగాలె, దానికంటె ముందట కాదు. రెండోది నేల. సీసీ రోడ్డు గట్టిగుంటది, అంచులు కిందికి వాలుగుంటయి. పోయేటప్పుడు ఎడమ అంచు, వచ్చేటప్పుడు మళ్ల ఎడమ అంచే పట్టుకుంటె ఆ వాలు ఎప్పటికి ఒక్క కాలికే పడుతది. బండ్లు లేని గల్లీ ఉంటె రోడ్డు నడుమ ఉరుకు, లేకుంటె మట్టి గ్రౌండు జూసుకో. మూడోది బూట్లు. కాన్వాస్ బూట్లతోని వారానికి మూడు రోజులు ఉరికితె పిక్కలు, ముందు ఎముక రెండూ మొర పెట్టుకుంటయి.

బూట్లు సాయంత్రం కొనాలె, పాదం అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటది. కాలి పొడుగు వేలు ముందట చేతి బొటనవేలి వెడల్పంత జాగ ఉండాలె. 500 నుంచి 800 కి.మీ. దాక పనిచేస్తయి. వారానికి 10–12 కి.మీ. ఉరికేటోనికి ఏడాది ఢోకా లేదు. పై గుడ్డ మంచిగనే కనబడుతున్నా అడుగుల స్పాంజి చచ్చిపోతది. వెనక్కి తిప్పి మడమ దగ్గర ఒక పక్క ఎక్కువ అరిగిందా చూడు.

సింగరేణి షిఫ్ట్:
గోదావరిఖని, భూపాలపల్లి దిక్కు పనోళ్లకు మీరు చెప్పే మంగళ, గురు, ఆది నడువదు. ఫస్ట్ షిఫ్ట్ వారం, సెకండ్ షిఫ్ట్ వారం, నైట్ షిఫ్ట్ వారం మారుతుంటె ఒక్క టైమ్ ఎట్ల పెట్టుకోవాలె? టైమ్ తప్పిందంటె అలవాటే తప్పుతది.

తంగేడు:
వారం కాకుంట షిఫ్టును పట్టుకుని కట్టుకోవాలె అన్నా. గడియారంల గంట పెట్టుకోకుంట, నిద్ర లేచిన గంటకు పరుగు అని పెట్టుకోండి. సెకండ్ షిఫ్టుల పొద్దుగాల హాయిగ కుదురుతది. ఫస్ట్ షిఫ్టుల ముందు లేచి ఉరకాలని చూస్తె నిద్ర పోతది, పని నుంచి వచ్చి కొంచెం ఒరిగి, సాయంత్రం ఎండ తగ్గినంక పోవాలె. నైట్ షిఫ్ట్ వారంల మూడు పరుగులు ఆశపడొద్దు. రెండు చాలు, అవి గూడ 15–20 నిమిషాలు. నైట్ దిగి నేరుగ గ్రౌండుకు పోవుడు అస్సలు వద్దు, నిద్ర లేని ఒంటికి దెబ్బ తొందరగ తగులుతది. మూడు షిఫ్టుల చక్రం మొత్తంల 8 పరుగులు వచ్చినయా అని లెక్క చూడండి. వారం లెక్క చూస్తె నైట్ వారం ఎప్పుడూ ఓడిపోయినట్టే ఉంటది.

బతుకమ్మ, దసరా, పెండ్లిళ్లు, మేడారం జాతరప్పుడు అందరికీ ఇదే. పండుగ వారానికి ముందుగనే నోటుబుక్కుల "ఒకటే పరుగు" అని రాసి పెట్టుకోవాలె. ముందుగ రాసుకున్న సెలవుతోని మనసు విరగదు. చెప్పకుంట తప్పిన రోజే పీకుతది. బతుకమ్మ చుట్టూ గంట సేపు తిరిగి ఆడిన రాత్రి తెల్లారి పరుగు పెట్టుకోకండి, పిక్కలు ఆ ఆటతోనే అలసి ఉంటయి.

మానేరు గాలి:
జ్వరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వానకాలం వచ్చిందంటే మన జిల్లాల్లో డెంగీ, చికున్‌గున్యా తప్పవు. మామూలు జలుబు, అదీ మెడ పైన మాత్రమే ఉంటే మెల్లటి పరుగు పర్వాలేదు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో కఫం ఉంటే పరుగు పూర్తిగా బంద్. వైరస్ జ్వరంలో పరిగెత్తితే గుండె కండరం వాచే ప్రమాదం ఉంది. ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. జ్వరం తగ్గి మందులు ఆపాక, మెట్లెక్కితే ఆయాసం రాకుండా ఉన్నాక మొదలుపెట్టాలి. డెంగీ అయితే డాక్టరు సరే అన్నాకే. చికున్‌గున్యా తర్వాత కీళ్ల నొప్పులు వారాలు, నెలలు ఉంటాయి. పొద్దున బిగుసుకున్న కీళ్లతో పరుగు వద్దు, నడకతో మొదలుపెట్టండి.

ఎన్నాళ్లు ఆగితే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో గుర్తుంచుకోండి. వారం లోపైతే ఆగిన వారమే మళ్లీ. రెండు వారాలైతే రెండు వారాలు వెనక్కి. నెల దాటితే అప్పటిదాకా వచ్చిన నిమిషాల్లో సగం. మొదటి పది రోజుల్లో పోయే దమ్ము చాలా తక్కువ. తిరిగి వచ్చిన మొదటి రెండు పరుగులు మాత్రం ఘోరంగా ఉంటాయి. చాలామంది ఆ రెండింటితోనే "అంతా పోయింది" అని తేల్చేస్తారు. మూడో పరుగు దాకా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

గోరింట:
అక్కా, ఒక్క అనుమానం. పదో వారం అయినా 5 నిమిషాలకే కాళ్లు ఈడ్చుకుపోతున్నయంటే లోపం ఎక్కడ ఉన్నట్టు? నిద్ర సరిపోతుంది, మెల్లగనే ఉరుకుడు.

తంగేడు:
రక్తపరీక్ష చేయించాలమ్మా. ఎదిగిన ఆడవాళ్లల్ల, కడుపుతోని లేనప్పుడు, హిమోగ్లోబిన్ 100 మి.లీ. రక్తానికి 12 గ్రాముల కంటె తక్కువుంటె రక్తహీనత కింద లెక్క. మనదగ్గర ఇది చానమందికి ఉంటది, తెలువకుంట "నాకు చాతకాదు" అనుకుంటరు. హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వ తక్కువుండొచ్చు, ఫెరిటిన్ గూడ చూడమని డాక్టరును అడుగు. థైరాయిడ్ గూడ ఒకసారి చూపించుకో. ఐరన్ గోలీలు డాక్టరు చెప్తేనే వేసుకోవాలె, వేసుకున్నప్పుడు చాయ్‌కు గంట రెండు గంటలు దూరం ఉండాలె. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనియ్యదు. ఇంకోటి, పరుగుకు సరిపడ బిగుతైన స్పోర్ట్స్ బ్రా లేకపోతె భుజాలు, మెడ బిగబట్టి ఉరుకుతరు. దాంతోని గూడ అలసట వస్తది.

కాజీపేట తమ్మి:
స్టేడియంల ఉరికేటప్పుడు పక్కనుంచి పోరగాళ్లు దూసుకపోతుంటె చిన్నతనమనిపిస్తది. కానిస్టేబుల్ ఈవెంట్లకు తయారయ్యేటోళ్లే ఎక్కువ. వాళ్ల నడుమ మెల్లగ ఉరుకుడు మంచిగనిపియ్యదు.

ఎర్రమట్టి:
తమ్మీ, వాళ్ల పని వేరు, నీ పని వేరు. స్ప్రింటు చేసేటోడు ఒక రౌండు కొట్టి ఐదారు నిమిషాలు నిలబడతడు. నువ్వు చూసేది ఆ ఒక్క రౌండే. మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జివాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్లు 55.82 సెకండ్లకు ఉరికి కాంస్యం తెచ్చింది. అది ఒక్క రౌండు లెక్క. నీది 20 నిమిషాల లెక్క. రెండింటిని పక్కపక్కన పెట్టుడే తప్పు. మన జేఎన్ఎస్ ట్రాక్ మీద 2021ల జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది, అక్కడ ఉరికే హక్కు నీకూ ఉంది. లోపలి లేన్లు జోరుగ పోయేటోళ్లకు విడిచి బయటి లేన్ పట్టుకో, ఎవలకూ అడ్డం ఉండవు.

కానిస్టేబుల్ తయారీ తమ్ముళ్లకు గూడ ఒక మాట. 2022 తెలంగాణ పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్‌ల మొగోళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లు, ఆడోళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లు. 7:15 అంటె నాలుగు రౌండ్లు, ఒక్కోటి 108 సెకండ్లు. దెబ్బ తినేది మొదటి రౌండులనే. గుంపుల పడి 80–85 సెకండ్లల్ల కొట్టేస్తరు, మూడో రౌండుకు కాళ్లు రాళ్లైతయి. ప్రతి 200 మీటర్లకు 54 సెకండ్లు చూసుకుంట ఉరుకుడు నేర్వాలె. ఆపకుంట 25 నిమిషాలు ఉరకొచ్చినంకనె వారానికి ఒక్కసారి 400 మీటర్లు 105 సెకండ్లల్ల, నడుమ 2 నిమిషాలు నడక, 5 లేదా 6 సార్లు. ఇప్పుడే సున్న నుంచి మొదలువెట్టినోడు ఇది ముట్టొద్దు.

గోరింట:
బయటి లేన్‌ల ఉరికితె దూరం ఎక్కువ అయితది కదా? ఎన్ని రౌండ్లకు 5 కి.మీ.?

పొద్దుపొడుపు:
మొదటి లేన్‌లో రౌండు 400 మీటర్లు, కాబట్టి 5 కి.మీ. అంటే 12 రౌండ్లన్నర. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఒక్కో లేన్ బయటికి జరిగే కొద్దీ రౌండుకు సుమారు ఏడున్నర మీటర్లు కలుస్తాయి. ఎనిమిదో లేన్‌లో రౌండు దాదాపు 453 మీటర్లు, అక్కడ 11 రౌండ్లకే దాదాపు 5 కి.మీ. అవుతుంది. బయటి లేన్‌లో 12న్నర రౌండ్లు లెక్కపెట్టి "ఇంకా అవ్వలేదు" అని కుమిలిపోతుంటారు, అప్పటికి 5.6 కి.మీ. దాటి ఉంటారు.

ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమకే తిరుగుతాం. మూడు పరుగులూ అక్కడే చేస్తే రెండు కాళ్ల మీదా భారం సమానంగా పడదు. ఒకటైనా కట్ట మీదో, కాలేజీ గ్రౌండులోనో చేయండి.

చెరువుకట్ట:
ఎండకాలం గురించి ఎవరూ రాయలేదు. మార్చి నడిమిల వేగం పడిపోతది, అప్పుడు ఇంకో విడత మానేస్తరు.

మానేరు గాలి:
ఎండలో చర్మాన్ని చల్లబరచడానికి గుండె అటు కూడా రక్తం పంపాలి, కాళ్లకు వెళ్లేది తగ్గుతుంది. అదే వేగానికి నాడి పెరుగుతుంది. దమ్ము ఎటూ పోలేదు, పని పెరిగింది అంతే. ఒళ్లు వేడికి అలవాటు పడడానికి 10–14 రోజులు పడుతుంది, ఆ రెండు వారాలు నిమిషాలు మూడో వంతు తగ్గించండి. పొద్దున 6 లోపల పరుగు అయిపోవాలి. గంట ముందు రెండు గ్లాసుల నీళ్లు, వచ్చాక ఉప్పు వేసిన సల్ల లేదా అంబలి. అరగంట పరుగుకు అంతకుమించి అక్కర్లేదు.

ఎండలో చలి వేసి రోమాలు నిక్కబొడుచుకుంటే, తల దిమ్మెక్కితే అక్కడే ఆగి నీడకు వెళ్లాలి. మాట తడబడితే, ఎక్కడున్నాడో తెలియకపోతే అది వడదెబ్బ. బట్టలు తడిపి, మెడ, చంకల్లో ఐస్ పెట్టి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

కాజీపేట తమ్మి:
ఆఖరి ప్రశ్న. చీకట్ల కుక్కలు ఎంటపడితె?

ఎర్రమట్టి:
ఉరుకుడు ఆపు. ఉరికేదాన్నే అది తరుముతది. దాని కండ్లల్లకు చూడకుంట, వీపు తిప్పకుంట, పక్కకు మెల్లగ నడువు. కుక్కల గుంపు ఉండే మలుపు ముందే తెలిసుంటది కదా, అక్కడ నడక విడత వచ్చేటట్టు నిమిషాలు కట్టుకో. కరిచినా, గీరినా పారే నీళ్ల కింద సబ్బుతోని 15 నిమిషాలు కడగాలె. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. ఆ రోజే సర్కారు దవాఖానకు పోయి టీకా మొదలువెట్టాలె, చెప్పిన తారీఖులన్నీ పూర్తి చెయ్యాలె. టీకాలు నడిచే రోజులల్ల ఉరుకొచ్చా అని అక్కడి డాక్టరునే అడుగు, గాయం ఎక్కడుందో చూసి చెప్తరు.